మరమ్మతుకు వచ్చిన చిన్న యంత్రం – జేమ్స్ వాట్ జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం వారు అడిగారు. దేశ నాయకుల గురించీ, కవుల గురించీ తోటి సభ్యులు ఎలాగూ రాస్తారు. అందుకని నేను ఒక మరమ్మతు పనివాని గురించి రాస్తానని ఒప్పుకున్నాను. ఆయన పేరు మన అందరి ఇళ్ళలోనూ ఉంది. బల్బు మీద 60 వాట్లు అనీ, మిక్సీ మీద 500 వాట్లు అనీ అచ్చు వేసి ఉంటుంది. ఆ వాట్ అనేది ఒక మనిషి పేరు. స్కాట్లండు దేశస్థుడైన జేమ్స్ వాట్ గౌరవార్థం 1882లో ఆ కొలతకు ఆ పేరు సూచించారు.

ఆవిరి యంత్రాన్ని కనిపెట్టినవాడు జేమ్స్ వాట్ అని మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. టీ కెటిల్ మూత ఎగరడం చూసి కనిపెట్టాడని మాస్టారు చెప్పేవారు. ఈ రెండు మాటలూ సరికావు. వాట్ పుట్టక ముందే ఆవిరి యంత్రాలు బొగ్గు గనుల్లో నీళ్ళు తోడుతున్నాయి. ఆయన దగ్గరకు అటువంటి యంత్రం ఒకటి మరమ్మతుకు వచ్చింది. ఆ మరమ్మతు ఆయన చేసిన తీరులోనే ఆయన గొప్పతనమంతా ఉంది. నేను ఇంజనీరును కాను, ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. నాకు అర్థమైన మేరకు చెబుతాను.

వాట్ 1736 జనవరి 19న గ్రీనాక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడల పని చేసే వడ్రంగి, వర్తకుడు. ఓడల మీద వాడే దిక్సూచి వంటి పనిముట్లు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో స్కాట్లండు రేవుల వర్తకం చాలావరకు అమెరికా, వెస్టిండీస్ వలసలతో సాగేది, దాని వెనుక బానిసల శ్రమ ఉండేది. వాట్ కుటుంబానికీ ఆ వర్తకంతో సంబంధం ఉందని చెప్పడం న్యాయం. పిల్లవాడికి ఆరోగ్యం అంతంత మాత్రం. తలనొప్పి బాధ జీవితమంతా ఆయనను వదలలేదు. బడికి సరిగా వెళ్ళలేక తల్లి దగ్గరే చాలా కాలం చదువుకున్నాడు. తండ్రి దుకాణంలో ఒక మూల ఆయనకు చిన్న బల్ల, కొన్ని పనిముట్లు ఇచ్చారు. చేతిపని అక్కడే అబ్బింది.

1753లో తల్లి చనిపోయింది. తండ్రి వ్యాపారం కూడా దెబ్బతిన్నది. గణిత పరికరాలు, అంటే త్రాసులు, కొలబద్దలు, దుర్భిణులు వంటివి, తయారుచేసే పని నేర్చుకోవాలని 1755లో వాట్ లండన్ వెళ్ళాడు. ఆ పనికి శిష్యరికం 7 సంవత్సరాలు. అన్నేళ్ళు అక్కడ ఉండే స్తోమత లేక, 20 గినీలు చెల్లించి ఒక్క సంవత్సరంలో నేర్చుకునేటట్లు ఒక పనివానితో ఒప్పందం చేసుకున్నాడు. తెల్లవారింది మొదలు రాత్రి దాకా పని. సంవత్సరం తిరిగేసరికి పని వచ్చింది కాని ఆరోగ్యం చెడింది. 1756లో ఇంటికి తిరిగి వచ్చాడు.

గ్లాస్గోలో దుకాణం పెడదామంటే, పూర్తి శిష్యరికం చేయలేదని అక్కడి చేతిపనివారి సంఘం అడ్డుచెప్పిందని చరిత్రకారులు రాస్తారు. అప్పుడు ఆదుకున్నది గ్లాస్గో విశ్వవిద్యాలయం. జమైకా నుంచి ఒక దాత ఇచ్చిన ఖగోళ పరికరాలు సముద్రపు గాలికి పాడై వచ్చాయి. వాటిని శుభ్రం చేసి బాగుచేసే పని వాట్‌కు ఇచ్చారు. ఆ పనికి 5 పౌన్లు ముట్టాయి. పని నచ్చి 1757లో విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఒక గది ఇచ్చి, పరికరాలు చేసేవాడుగా పెట్టుకున్నారు. ఆ గదికి ఆచార్యులు, విద్యార్థులు వచ్చి కూర్చునేవారు. రసాయన శాస్త్రంలో పేరుమోసిన జోసెఫ్ బ్లాక్ ఆయనకు అక్కడే స్నేహితుడయ్యాడు. సంగీతం చెవికి ఎక్కని మనిషి అయినా, వేణువులు, ఆర్గన్లు కూడా లెక్కలు వేసి మరమ్మతు చేసేవాడు.

1763–64 చలికాలంలో ఆ గదికి ఒక చిన్న యంత్రం వచ్చింది. అది న్యూకోమెన్ యంత్రానికి నమూనా, విద్యార్థులకు చూపించడానికి చేసినది. సిలిండరు వ్యాసం 2 అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం 6 అంగుళాలు. అంతకు ముందు దాన్ని మరమ్మతుకు లండన్ పంపించారు. తిరిగి వచ్చాక కూడా సరిగా నడవలేదు. వాట్ చేతిలో పడ్డాక నడిచింది కాని, నాలుగు సార్లు పైకి కిందికి ఆడి ఆగిపోయేది. బాయిలరులో ఆవిరి అయిపోయేది.

ఇక్కడ ఆ యంత్రం పనిచేసే పద్ధతి కొంచెం చెప్పాలి. థామస్ న్యూకోమెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి 1712లో ఈ రకం యంత్రాన్ని ఒక గని దగ్గర నిలబెట్టాడు. సిలిండరులోకి ఆవిరి ఎక్కిస్తారు. తరువాత లోపలికి చల్లని నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్‌కు కట్టిన పెద్ద దూలం మన ఏతాం మాదిరిగా ఊగి, రెండో చివర ఉన్న పంపు కడ్డీని పైకి లాగుతుంది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ చన్నీళ్ళు. ఒకసారి కాగిన సిలిండరును మరుక్షణం చల్లార్చడం, మళ్ళీ కాచడం, ఇదీ దాని పని.

మామూలు పనివాడైతే బాయిలరు కొంచెం పెద్దది పెట్టి, యంత్రం నడిచిందని చూపించి, కూలి తీసుకుని పంపించేసేవాడు. ఇందులో తప్పు కూడా ఏమీ లేదు, అడిగింది అంతే. వాట్ అలా చేయలేదు. నాలుగు ఊపులకే ఆవిరి ఎందుకు చాలడం లేదని లెక్క వేశాడు. ఒక్క ఊపుకు సిలిండరు నిండడానికి ఎంత ఆవిరి కావాలి, నిజానికి ఎంత ఖర్చవుతోంది అని కొలిచాడు. కావలసినదానికి ఎన్నో రెట్లు ఖర్చవుతున్నది. ఆవిరిగా మారిన నీరు తన బరువుకు 6 రెట్ల చన్నీళ్ళను మరిగించగలదని కూడా ప్రయోగంలో తేలింది. ఇదేమిటని బ్లాక్‌ను అడిగితే, నీరు ఆవిరి కావడంలో దాచుకునే వేడి గురించి తాను అప్పటికే కనుగొన్న సంగతి ఆయన వివరించాడు. మొత్తానికి లోపం ఆ నమూనాది కాదని వాట్‌కు తెలిసిపోయింది. దేశంలో ఉన్న ప్రతి న్యూకోమెన్ యంత్రంలోనూ అదే లోపం ఉంది. బొగ్గులో ఎక్కువ భాగం చల్లారిన సిలిండరును మళ్ళీ వేడిచేయడానికే పోతున్నది. గనుల దగ్గర బొగ్గు పొడికి విలువ లేదు కనుక 50 ఏళ్ళుగా అది ఎవరికీ పట్టలేదు.

1765లో ఒక ఆదివారం గ్లాస్గోలో మైదానంలో నడుస్తుండగా ఉపాయం తట్టింది. ఆవిరిని సిలిండరులో ఎందుకు చల్లార్చాలి? పక్కన వేరే పాత్ర పెట్టి, దాన్ని చల్లగా ఉంచి, ఆవిరిని అందులోకి పోనిస్తే సరి. సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఆ పాత్ర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఇంతే మార్పు. ఒక ఇత్తడి పిచికారీతో చిన్న నమూనా చేసి చూస్తే పనిచేసింది.

అయితే ఉపాయం తట్టడం ఒక ఎత్తు, దాన్ని ఇనుములో నిలబెట్టడం మరొక ఎత్తు. అసలు కష్టం ఇక్కడ మొదలైంది. జాన్ రోబక్ అనే పారిశ్రామికుడు వాట్ అప్పులు తీర్చి, వచ్చే లాభంలో మూడింట రెండు వంతులకు భాగస్వామి అయ్యాడు. 1769లో పేటెంటు వచ్చింది. పెద్ద యంత్రం కట్టి చూస్తే సిలిండరు గుండ్రంగా లేదు. పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందుల్లోంచి ఆవిరి కారిపోయేది. పాత యంత్రాల్లో పిస్టన్ పైన నీళ్ళు పోసి ఆ సందు మూసేవారు. సిలిండరు వేడిగా ఉండాలంటే ఇక నీళ్ళు పోయకూడదు. బెండు, నూనె గుడ్డలు, నార, ఇలా ఒకటి తరువాత ఒకటి కూరి చూశాడు. ఏదీ నిలవలేదు.

ఈ ప్యాకింగు సంగతి చదివినప్పుడు నాకు నా ఉద్యోగ జీవితంలోని ఒక సంగతి గుర్తుకు వచ్చింది. నేను స్టోర్స్ సెక్షన్‌లో ఉండగా, ఒక పట్టణానికి నీళ్ళిచ్చే పంపుహౌసు ఫిట్టరుగారు గ్లాండు ప్యాకింగు తాడుకు ఇండెంటు పెట్టారు. పంపు షాఫ్టు బయటికి వచ్చే చోట నీళ్ళు చిమ్మకుండా చుట్టే నూనె తాడు అది. చాలా తక్కువ ఖరీదు వస్తువు. కిందటిసారి తీసుకున్న తాడు వాడిన లెక్క జతచేయలేదని నేను అభ్యంతరం రాసి కాగితం తిప్పి పంపాను. ఆయన లెక్క రాసి పంపేసరికి సంతకం లేదని మళ్ళీ పంపాను. రూలు ప్రకారం నేను చేసినది సరే. ఈలోగా ఎండిపోయిన పాత తాడు రాపిడికి షాఫ్టు గీరుకుపోయింది. మే నెలలో పంపు ఆగింది. షాఫ్టు తీసి లేతు మీద పెట్టి బాగుచేయించి బిగించేదాకా ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలతో బావుల వెంట తిరిగారు. ఫిట్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత నేను ఆయన ఇండెంటును ఏనాడూ ఆపలేదు. ఆ తాడు విలువ నాకు తెలియదు, ఆయనకు తెలుసు, అంతే తేడా.

వాట్ కథకు వద్దాం. యంత్రం మీద సంపాదన లేదు. 1764లో మేనరికం వంటి సంబంధమే, దగ్గరి బంధువుల అమ్మాయి మార్గరెట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. సంసారం పెరిగింది. పొట్టకూటి కోసం కాలువలు తవ్వే దారులు సర్వే చేసే పనికి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ దాకా ఆ పనే ప్రధానమైంది. చలిలో, వానలో కొండలు తిరగడం, రాత్రి లెక్కలు రాయడం. 1773లో ఉత్తర స్కాట్లండు కొండల్లో సర్వే చేస్తుండగా ఇంటి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఇల్లు చేరేసరికి భార్య కాన్పులో చనిపోయింది. అదే సంవత్సరం రోబక్ దివాలా తీశాడు. 37 ఏళ్ళ వయసులో ఆయన చేతిలో మిగిలింది తల్లిలేని పిల్లలు, సరిగా నడవని యంత్రం.

రోబక్ బాకీ పడ్డవారిలో బర్మింగ్‌హామ్‌లో సోహో కర్మాగారం యజమాని మాథ్యూ బౌల్టన్ ఒకరు. రావలసిన 1,200 పౌన్లకు బదులు ఆయన పేటెంటులో వాటా తీసుకున్నాడు. ఇతర బాకీదారులకు ఆ వాటా చిల్లిగవ్వ విలువ చేయనిదిగా తోచింది. 1774లో వాట్ బర్మింగ్‌హామ్ చేరాడు. 1775లో పార్లమెంటు ఆ పేటెంటును 1800 దాకా పొడిగించింది. బౌల్టన్, వాట్ 25 ఏళ్ళకు భాగస్వాములయ్యారు.

సిలిండరు చిక్కు తీర్చినది మరొక పనివాడు, జాన్ విల్కిన్సన్. ఫిరంగుల గొట్టాలు తొలిచే యంత్రాన్ని బాగుచేసి, సిలిండర్లు కూడా తిన్నగా తొలిచే పద్ధతి కనిపెట్టాడు. 50 అంగుళాల సిలిండరులో తేడా ఒక పాత షిల్లింగు నాణెం మందం కూడా లేదని బౌల్టన్ సంతోషంగా రాసుకున్నాడు. నేటి లెక్కలో అది పెద్ద తేడాయే. ఆనాటికి అద్భుతం. నార, కొవ్వు కలిపిన ప్యాకింగు ఆ సిలిండరులో నిలిచింది. 1776లో మొదటి యంత్రాలు రెండు పని ప్రారంభించాయి, ఒకటి బొగ్గు గని దగ్గర, ఒకటి విల్కిన్సన్ ఇనుప కొలిమి దగ్గర. ఉపాయం తట్టిన 11 ఏళ్ళకు అన్నమాట. ఆ సంవత్సరమే వాట్ రెండో వివాహం చేసుకున్నాడు.

ఇక మన వంటి లెక్కల వారికి నచ్చే సంగతి. వారు మొదట్లో యంత్రాన్ని మొత్తంగా అమ్మేవారు కాదు. నకళ్ళు, కవాటాల వంటి సున్నితమైన భాగాలు తామిచ్చి, నిలబెట్టే మనిషిని పంపేవారు. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయిందో అందులో మూడో వంతు వారికి ఇవ్వాలి. దానికి యంత్రం ఎన్ని ఊపులు ఊగిందో తెలియాలి కదా. ఊగే దూలానికి లెక్కించే చిన్న పరికరం తగిలించి, పెట్టెలో పెట్టి తాళం వేశారు. మన కరెంటు మీటరుకు సీలు వేసినట్లే. అంటే యంత్రం ఆగితే వారి ఆదాయమూ ఆగుతుంది. అమ్మి చేతులు దులుపుకునే పద్ధతి కాదు. యంత్రం చక్కగా నడవడం కొన్నవారికి ఎంత అవసరమో, కట్టినవారికీ అంత అవసరం.

కార్న్‌వాల్ ప్రాంతంలో తగరం, రాగి గనులు చాలా లోతు. అక్కడ బొగ్గు లేదు, ఓడల మీద తెచ్చుకోవాలి. అందుకని ఆదా చేసే యంత్రానికి గిరాకీ వచ్చింది. వాట్ స్వయంగా అక్కడ మకాం వేసి యంత్రాలు నిలబెట్టించాడు. నడిపేవారికి సూచనలు అచ్చువేయించి ఇచ్చారు. తరువాత ఆ భారమంతా విలియం మర్డాక్ మోశాడు. 1777లో సోహోలో పనికి చేరిన ఈ మిల్లుపని కుటుంబపు కుర్రవాడు ఏళ్ళ తరబడి కార్న్‌వాల్‌లో ఒక గని నుంచి మరొక గనికి తిరుగుతూ యంత్రాలను కనిపెట్టి ఉండేవాడు. బొగ్గు వాయువుతో ఇంటికి దీపాలు పెట్టినది కూడా ఆయనే. వాట్ పేరు నిలబడడానికి మర్డాక్ చేతులు ఎంత సాయపడ్డాయో చరిత్ర చదివిన వారికి తెలుసు.

వాట్ బుర్ర అక్కడితో ఆగలేదు. పైకి కిందికి ఆడే కదలికను చక్రం తిప్పేలా 1781లో మార్చాడు. దానితో యంత్రం గని వదిలి మిల్లుల్లోకి ప్రవేశించింది. పిస్టన్ కడ్డీ వంకర పోకుండా తిన్నగా కదిలేందుకు 1784లో చేసిన కడ్డీల అమరిక తన పనులన్నిటిలోకీ ఆయనకు ఎక్కువ గర్వం కలిగించినది. వేగం దానంతట అదే అదుపులో ఉండేందుకు రెండు ఇనుప గుండ్లు తిరిగే గవర్నరును 1788లో పెట్టాడు. ఎన్ని గుర్రాల పని చేస్తుందని కొనేవారు అడిగేవారు. గుర్రం నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తగలదని లెక్క కట్టి చెప్పాడు. మన 5 హార్స్‌పవర్ వ్యవసాయ మోటార్లకు ఆ కొలత అలా వచ్చింది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు.

మన వర్గం వారు ఆయనకు మరొకందుకు నమస్కారం పెట్టాలి. కార్న్‌వాల్‌కూ సోహోకూ రోజూ ఉత్తరాలు, లెక్కలు, ప్రతిదానికీ నకలు రాసుకోవాలి. ఆ విసుగు భరించలేక 1780లో ఉత్తరాలకు నకలు తీసే యంత్రం కనిపెట్టాడు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద పలచని తడి కాగితం పెట్టి నొక్కితే నకలు వస్తుంది, కాగితం వెనుక నుంచి చదువుకోవాలి. కార్బన్ కాగితం, టైపు మిషను వచ్చేదాకా, నూరేళ్ళకు పైగా ఆఫీసులు ఈ పద్ధతినే వాడాయి.

ఆయనలో లోపాలు లేవని కాదు. పేటెంటు విషయంలో ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు, కోర్టులకు ఈడ్చాడు. ఎక్కువ ఒత్తిడి గల ఆవిరి ప్రమాదమని దానికి ఎదురు నిలిచాడు. బాయిలర్లు పేలే రోజుల్లో ఆ భయం నిరాధారం కాదు కాని, రైలు వచ్చినది ఆ ఎక్కువ ఒత్తిడి ఆవిరి వల్లనే. 1800లో పేటెంటు గడువు తీరగానే వ్యాపారం కొడుకులకు అప్పగించి వాట్ విశ్రాంతి తీసుకున్నాడు. 64 ఏళ్ళు. 1804లో చిన్న కొడుకు గ్రెగరీ పోయాడు.

రిటైరయ్యాక ఏం చేశాడన్నది మనకు ముఖ్యం. హ్యాండ్స్‌వర్త్‌లోని తన ఇంట్లో అటక గదిని పనిగది చేసుకున్నాడు. అక్కడ పొయ్యి, లేతు, ఆకురాళ్ళు. శిల్పాలకు నకలు చెక్కే యంత్రం మీద కడదాకా పనిచేశాడు. 1819 ఆగస్టు 25న, 83 ఏళ్ళ వయసులో, ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ గదిని అలాగే మూసి ఉంచారు. 1924లో గది సామానంతా, వేలాది వస్తువులు, లండన్‌లోని సైన్స్ మ్యూజియంకు తరలించి అదే తీరులో అమర్చారు. మరమ్మతుకు వచ్చిన ఆ చిన్న నమూనా గ్లాస్గో విశ్వవిద్యాలయం మ్యూజియంలో భద్రంగా ఉంది.

బర్మింగ్‌హామ్ కాలువకు నీళ్ళు తోడడానికి 1779లో పెట్టిన వాట్ యంత్రం ఒకటి 1891 దాకా పనిచేసింది. లండన్‌లో 1785లో పెట్టిన మరొకటి 1887 దాకా నడిచింది. నూరేళ్ళు దాటి! ఇందులో వాట్ ప్రతిభ ఎంతో ఉంది. కాని ఆయన 1819లోనే పోయాడు. ఆ తరువాత 70 ఏళ్ళు వాటికి వేళకు నూనె పోసి, ప్యాకింగు మార్చి, అరిగిన భాగాలు తీసి కొత్తవి వేసిన వాళ్ళు ఎవరో ఉన్నారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

మా ఫిట్టరుగారు కూడా అటువంటి మనిషే. రిటైరైన రోజున పనిముట్ల పెట్టె తుడిచి, ఒక్కొక్క స్పానరూ లెక్కపెట్టి నాకు అప్పగించి, రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళారు. ఒక్క వస్తువూ తగ్గలేదు, ఒక్కదానికీ తుప్పు లేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఇండెంటు సంగతి ఆయన ఎదుట ఒప్పుకోలేకపోయాను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మన సంఘంలో పంపుహౌసుల్లో, వర్క్‌షాపుల్లో, సబ్‌స్టేషన్లలో పనిచేసిన సోదరులు చాలామంది ఉన్నారు. ఏ యంత్రాన్ని ఎన్నేళ్ళు ఎలా నడిపించారో వచ్చే సంచికకు వారే రాయాలని నా మనవి. రాయడం కష్టమైతే చెప్పండి, నేను రాసిపెడతాను.